బెంగళూరు కోర్టులు: మన కేసు వార్త తప్పుగా వస్తే డిఫెన్స్ లాయరు ఏం చేయాలి?

కొత్తవకీలు_బసవనగుడి

క్రిమినల్ సైడ్ కొత్తగా దిగినవాళ్ళకి పనికొస్తుందని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా. ఎవరి కేసు పేర్లూ వద్దు. కోర్టు ఫైల్లో ఉన్నదానికీ, పేపర్లో, టీవీలో, యూట్యూబ్‌లో వచ్చేదానికీ చాలాసార్లు పొంతన ఉండదు. బెయిల్ పిటిషన్ మనమే వెనక్కి తీసుకుంటే "బెయిల్ నిరాకరణ, కోర్టు ఆగ్రహం" అని వస్తుంది. రిమాండ్ అప్లికేషన్‌లో పోలీసులు రాసుకున్నది "నేరం ఒప్పుకున్న నిందితుడు" అయిపోతుంది. క్లయింట్ వాళ్ళది హిందూపురం వైపో మదనపల్లె వైపో అయితే, ఇక్కడి కన్నడ వార్త సాయంత్రానికి తెలుగులో ఇంకో రంగు పూసుకుని వాళ్ళ ఊరికి చేరుతుంది.

వీటిలో ఏవి పట్టించుకోవాలి, ఏవి వదిలేయాలి? ఎవరికి, ఎన్ని రోజుల్లోపు రాయాలి? మైకు పెడితే మనం మాట్లాడొచ్చా? అన్నిటికంటే ముఖ్యం, ట్రయల్లో ఇది ఎక్కడ దెబ్బ కొడుతుంది? పెద్దవాళ్ళు చెప్పాలి.

సీసీహెచ్_కారిడార్

మొదట ఒక గీత గీసుకో తమ్ముడూ. రికార్డు చూపించి తప్పని తేల్చగలిగేది ఒక రకం. "కిరాతకుడు", "మాయలేడి" లాంటి రంగులద్దిన మాటలు ఇంకో రకం. రెండోదాని వెంట పడితే ఉన్న టైమంతా దానికే పోతుంది. మొదటిదాని మీదే రాయి.

పదే పదే వచ్చే తప్పులు ఇవి.

పిటిషన్ "నాట్ ప్రెస్డ్" అనో "విత్‌డ్రా చేసుకున్నందున డిస్మిస్" అనో ఆర్డర్ షీట్లో ఉంటుంది. వార్తలో "తిరస్కరణ" అవుతుంది. ఈ రెంటికీ తేడా పెద్దది, ఎందుకంటే మొదటిదాంట్లో కోర్టు కేసు మంచిచెడ్డల జోలికే వెళ్ళలేదు.

డిశ్చార్జికీ నిర్దోషి తీర్పుకీ తేడా ఉండదు వాళ్ళకి. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 250 కింద డిశ్చార్జి అంటే ట్రయల్ దాకా పోలేదని. హైకోర్టు స్టే ఇస్తే "కేసు కొట్టివేత", నోటీసు ఇస్తే "హైకోర్టు షాక్".

కస్టడీ సంగతి మరీ ఘోరం. బీఎన్‌ఎస్‌ఎస్ 187 వచ్చాక పోలీసు కస్టడీ మొత్తం 15 రోజుల్ని ముక్కలుగా కూడా అడగొచ్చు. నేరాన్ని బట్టి మొదటి 40 రోజుల్లోనో 60 రోజుల్లోనో. జ్యుడీషియల్ కస్టడీలో ఉన్నవాణ్ణి మిగిలిన రోజుల కోసం మళ్ళీ పోలీసులకి అప్పగిస్తే "కొత్త ఆధారాలు దొరికాయి, మళ్ళీ అరెస్టు" అని స్క్రోలింగ్ వస్తుంది. కొత్త ఆధారమూ లేదు, కొత్త అరెస్టూ లేదు.

ఏ1, ఏ2 అనేవి ఎఫ్‌ఐఆర్‌లోనో చార్జిషీట్లోనో వరస నంబర్లు. ఏ1 అంటే సూత్రధారి అని చట్టంలో ఎక్కడా లేదు.

హిందూపురం_ప్యాసింజర్

చార్జిషీట్ ఎన్ని వేల పేజీలో చెప్పి, అంత బరువుంది కాబట్టి నేరం రుజువైనట్టే అనే లెక్క కూడా కలపండి. అందులో సగం కాల్ రికార్డుల ప్రింటౌట్లు.

సీసీహెచ్_కారిడార్

నిజమే :) ఇంకోటి, సెక్షన్లు. 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్ వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది, తర్వాతదానికి బీఎన్‌ఎస్. రిపోర్టర్లు రెండూ కలిపేస్తున్నారు. "బీఎన్‌ఎస్ 302 కింద హత్య కేసు" అని రాస్తారు. బీఎన్‌ఎస్‌లో హత్యకి శిక్ష 103. 302 ఏమో మతపరమైన మనోభావాలు నొప్పించే మాటలకి సంబంధించింది. "బీఎన్‌ఎస్ 420" అని కూడా వస్తుంది. ఆ చట్టంలో ఉన్నవే 358 సెక్షన్లు. మోసానికి చూడాల్సింది 318(4).

డెస్క్_మనిషి

నేను మీ వైపు కాదు, పేపరు డెస్కు వైపు. తిట్టే ముందు ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే మీ లెటర్లు పనిచేస్తాయి.

నృపతుంగ రోడ్డు మేజిస్ట్రేట్ కోర్టులు, సిటీ సివిల్ కోర్టు, మేయో హాల్, హైకోర్టు, ఇన్నిటికీ ఒక్కో పేపర్‌కి ఒకరో ఇద్దరో ఉంటారు. ఆర్డర్లో చివరి ముక్క మాత్రం కోర్టు హాల్లో వినిపిస్తుంది. పూర్తి కాపీ అప్‌లోడ్ అయ్యేది తర్వాత. బులెటిన్ అప్పటిదాకా ఆగదు. పక్కనున్నవాడు "ఏ2కి వచ్చింది" అంటే అది విని అందరికీ బెయిల్ వేసేస్తారు.

రెండో కారణం, క్రైమ్ రిపోర్టరు వేరు, కోర్టు రిపోర్టరు వేరు. క్రైమ్ రిపోర్టరుకి సరుకు పోలీసు ప్రెస్ నోటూ, ఠాణా నుంచి వచ్చే వాట్సాప్ మెసేజీ. "విచారణలో వెల్లడించాడు" అనే మాట అక్కడిదే. డెస్కులో హెడ్డింగుకి జాగా చాలదు, "పోలీసుల కథనం ప్రకారం" అన్న ముక్క ముందు ఎగిరిపోతుంది. కన్నడ నుంచి తెలుగుకి తిరగరాసేటప్పుడు మిగిలిన "అని ఆరోపణ" కూడా పోతుంది. అబద్ధం రాయాలని ఎవరూ కూర్చోరు. వార్తని కుదించేటప్పుడు మొదట రాలిపోయేది మీకు కావాల్సిన ముక్కే.

కాబట్టి జిల్లా ఎడిషన్ పేజీలు వెళ్ళకముందు, అంటే సాయంత్రం 6 లోపు, ఆర్డర్ కాపీ చేతికందితే వార్త మారుతుంది. రాత్రి 10కి ఫోన్ చేసి అరిస్తే సిటీ ఎడిషన్ తప్ప ఏదీ మారదు. వెబ్ వార్త మాత్రం ఎప్పుడైనా మార్చొచ్చు. దాన్నే ముందు అడగండి, గూగుల్లో పదేళ్ళు ఉండేది అదే.

కోలారు_గోల్డు

ఇంత మర్యాదలెందుకన్నా. సిటీ సివిల్ కోర్టులో ఓఎస్ (సివిల్ దావా) వేసి, చానెళ్ళన్నిటినీ పార్టీ చేసి, ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్ తెచ్చుకుంటే ఒక్క రోజులో నోళ్ళు మూతపడతాయి. బెంగళూరులో వారానికొకటి ఇస్తూనే ఉన్నారుగా.

మేయోహాల్

ఇస్తున్నారు, నిలవడం లేదు. 2024 మార్చి 22న బ్లూమ్‌బర్గ్ వర్సెస్ జీ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఏకపక్ష ఉత్తర్వునే పక్కన పెట్టింది. ట్రయల్‌కి ముందే వార్త ఆపాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, కారణాలు ఆర్డర్లో కనపడాలి, "ప్రైమాఫేసీ, బ్యాలెన్స్ ఆఫ్ కన్వీనియన్స్" అని మంత్రం చదివితే చాలదు అంది. 2025లో ధర్మస్థల వ్యవహారంలో ఇక్కడి సివిల్ కోర్టు వేల లింకులు తీసేయమని ఇచ్చిన ఉత్తర్వు కూడా ఒక యూట్యూబ్ చానెల్ హైకోర్టుకి వెళ్ళాక నిలబడలేదు.

పైగా నువ్వు డిఫెన్స్ లాయరువి. సూట్ వేస్తే ప్లెయింట్లో వార్తలో ఏది అబద్ధమో క్లయింట్ చేత ప్రమాణపూర్వకంగా చెప్పించాలి. ఆ మాటలే రేపు పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) చేతిలో ఉంటాయి. క్రిమినల్ కేసులో మౌనంగా ఉండే హక్కున్న మనిషిని సివిల్ కోర్టుకి తీసుకెళ్ళి మాట్లాడించడం ఏం తెలివి?

నిజంగా ఆపించాల్సిన పరిస్థితి వస్తే దారి వేరు. 2012 సహారా వర్సెస్ సెబీ రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చదవండి. అక్కడ ఇచ్చేది పోస్ట్‌పోన్‌మెంట్ ఆర్డర్, అంటే కొంతకాలం వాయిదా వేయించడం. న్యాయ విచారణకి నిజమైన, గణనీయమైన ముప్పుందని చూపించాలి. ఇంకే దారీ చాలదని చూపించాలి. కాలం తక్కువగా ఉండాలి. ట్రయల్ వేరే చోటికి మార్చడం లాంటి ప్రత్యామ్నాయాలు ఎందుకు చాలవో కూడా రాయాలి. ఆర్టికల్ 226 కింద హైకోర్టులో వేస్తారు.

రేణుకాస్వామి హత్య కేసులో 2024 సెప్టెంబర్‌లో కర్ణాటక హైకోర్టు చార్జిషీట్లోని గోప్యమైన అంశాలు ప్రసారం చేయొద్దంది. అక్కడ కోరింది ఇరుకైన కోరిక, ఈ దస్తావేజులోని ఈ విషయాలు అని. "నా గురించి ఏమీ వేయొద్దు" అని అడిగితే మొదటి వాయిదాలోనే పోతుంది.

కొత్తవకీలు_బసవనగుడి

మేయోహాల్ సార్, చార్జిషీట్ మనకి అందకముందే టీవీలో పేజీలు చూపిస్తుంటారు. అది పబ్లిక్ డాక్యుమెంటేనా?

మేయోహాల్

కాదు. 2023 జనవరి 20న సౌరవ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, చార్జిషీట్ పబ్లిక్ డాక్యుమెంట్ కాదు, వెబ్‌సైట్లో పెట్టమని ఎవరూ అడగలేరు. ఎఫ్‌ఐఆర్ సంగతి వేరు. 2016 యూత్ బార్ అసోసియేషన్ తీర్పు ప్రకారం 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్లో ఉండాలి. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటివి మినహాయింపు. కాబట్టి రిపోర్టరు ఎఫ్‌ఐఆర్ చూపిస్తే తప్పు పట్టలేవు. చార్జిషీట్ స్కాన్ చేసి చూపిస్తే, అది ఎక్కడ నుంచి బయటికొచ్చిందో ఐఓని (దర్యాప్తు అధికారిని) చెప్పమని మేజిస్ట్రేట్ ముందు మెమో వేయొచ్చు. బీఎన్‌ఎస్‌ఎస్ 230 ప్రకారం నిందితుడు హాజరైన 14 రోజుల్లోపు కాపీలు ఇవ్వాలి. మనకి ఇవ్వకముందే చానెల్లో వచ్చిందని ఆ మెమోలో తేదీ, టైముతో సహా పెట్టు.

పరప్పన_రోడ్డు

ట్రయల్లో ఎక్కడ దెబ్బ కొడుతుందని అడిగావు. మనకి జ్యూరీ లేదు కాబట్టి జడ్జి టీవీ చూసి శిక్ష వేస్తాడేమో అని భయపడతారు కొత్తవాళ్ళు. దెబ్బ పడేది సాక్షుల దగ్గర. ముఖ్యంగా మూడు చోట్ల.

ఒకటి, గుర్తింపు పరేడ్. ముఖం టీవీలో వచ్చేసిన మనిషిని సాక్షి జైల్లో "గుర్తుపడితే" ఆ గుర్తింపుకి విలువెంత? కానీ ఈ మాట క్రాస్ ఎగ్జామినేషన్లో మొదటిసారి ఎత్తితే "అప్పుడెందుకు చెప్పలేదు" అంటారు. మొదటి రిమాండ్ రోజునే మెమో వేయాలి. ఏ చానెల్, ఎన్ని గంటలకి, ముఖం కప్పకుండా చూపించారా, స్క్రీన్‌షాట్ ప్రింటు జతచేసి, ఆర్డర్ షీట్లో నమోదు చేయమని అడగాలి. హోం శాఖ 2010 ఏప్రిల్ 1న ఇచ్చిన సలహా పత్రంలో అరెస్టయినవాళ్ళని మీడియా ముందు ఊరేగించొద్దని, పరేడ్ చేయాల్సినవాళ్ళ ముఖాలు చూపించొద్దని స్పష్టంగా ఉంది. దాన్ని మెమోలో ఉటంకించు. 2023 సెప్టెంబర్ 13న సుప్రీంకోర్టు కూడా పోలీసుల మీడియా బ్రీఫింగ్‌కి సమగ్ర మాన్యువల్ తయారు చేయమని హోం శాఖని ఆదేశించింది.

రెండు, "ఒప్పుకున్నాడు". ఇక్కడ పోలీసులు రాసుకునే స్వ ఇచ్ఛా హేళికె (నిందితుడు తనంతట తాను చెప్పాడనే వాంగ్మూలం) ప్రతి రిమాండ్ అప్లికేషన్‌తో పాటు వస్తుంది. భారతీయ సాక్ష్య అధినియమ్ 23 ప్రకారం పోలీసు ముందు ఒప్పుకోలు సాక్ష్యం కాదు. దాని ద్వారా ఏదైనా దొరికితే ఆ దొరికిన వస్తువుకి నేరుగా ముడిపడిన ముక్క వరకే పనికొస్తుంది. టీవీలో మాత్రం పూర్తి పాఠం చదువుతారు. మహజరు (పంచనామా) సాక్షి అది విని, తను చూడని విషయాలు కూడా చూసినట్టు కోర్టులో చెప్తాడు. కాబట్టి క్రాస్‌లో అడగాల్సింది: మహజరులో ఈ ముక్క ఉందా? లేకపోతే ఎక్కడ విన్నారు? ఏ రోజు?

మూడోది మనకి లాభం కూడా చేస్తుంది. ప్రత్యక్ష సాక్షి పోలీసులకి స్టేట్‌మెంట్ ఇవ్వకముందే మైకు ముందు ఒక కథ చెప్పి ఉంటాడు. "నేను వచ్చేసరికే జనం గుమిగూడి ఉన్నారు" అని. తర్వాత బీఎన్‌ఎస్‌ఎస్ 180 కింద పోలీసులు రాసుకునే స్టేట్‌మెంట్లో "నా కళ్ళ ముందే పొడిచాడు" అవుతుంది. ఆ క్లిప్ బంగారం. ప్రసారమైన ముక్క ఎడిట్ చేసింది కాబట్టి అసలు ఫుటేజీ కావాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద కోర్టు ద్వారా చానెల్‌కి సమన్లు పంపించాలి.

పరప్పన_రోడ్డు

ముఖ్యమైనది మర్చిపోయా. శాటిలైట్ చానెళ్ళు ప్రసారం చేసినదాని రికార్డింగ్ 90 రోజులు ఉంచాలి, అప్‌లింకింగ్ మార్గదర్శకాల ప్రకారం. ఆ తర్వాత "లేదు" అంటే ఏమీ చేయలేం. చార్జిషీట్ వచ్చేదాకా ఆగితే గడువు దాటిపోతుంది. క్లిప్ కనపడిన వారంలోనే చానెల్‌కి స్పీడ్ పోస్టులో, ఈమెయిల్లో ఒక లెటర్ పెట్టు: ఫలానా తేదీ, ఫలానా టైం ప్రసారం, ఎడిట్ చేయని ఫుటేజీతో సహా భద్రపరచండి, కోర్టు ద్వారా అడగబోతున్నాం అని. కోర్టు ఆర్డర్ రావడానికి టైం పట్టినా ఈ లెటర్ ఉంటే తుడిచేశామని చెప్పడం కష్టం.

కొత్తవకీలు_బసవనగుడి

క్లిప్ మనమే ఫోన్లో రికార్డ్ చేసి పెట్టుకుంటే చాలదా సార్?

సీసీహెచ్_కారిడార్

చాలదు. వాట్సాప్‌లో వచ్చిన క్లిప్ అసలే వద్దు. అది కుదించబడి వస్తుంది, ఎవరు ఎక్కడ కత్తిరించారో తెలీదు.

పద్ధతి ఇది. ఒరిజినల్ లింకు నుంచి ఒకే కంప్యూటర్లో డౌన్‌లోడ్ చేయి. లింకు, చానెల్ పేరు, అప్‌లోడ్ తేదీ, డౌన్‌లోడ్ చేసిన టైం ఒక కాగితం మీద రాసుకో. పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీయి, వ్యూస్, తేదీ కనపడేలా. ఫైలుకి షా-256 హాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) తీసి రాసుకో. ఫైలు పేరు మార్చినా హాష్ మారదు, కానీ ట్రిమ్ చేసినా, వేరే ఫార్మాట్‌లోకి మార్చినా మారిపోతుంది. చాలామంది సైజు తగ్గించి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తారు, అక్కడే పోతుంది. సాక్ష్య అధినియమ్ 63(4) సర్టిఫికేట్ రెండు భాగాలు. పార్ట్ ఏ ఆ కంప్యూటర్ వాడినవాళ్ళు ఇవ్వాలి, పార్ట్ బీ నిపుణుడు. హాష్ రెండింటిలోనూ ఒకటే ఉండాలి.

డౌన్‌లోడ్ చేసేది నువ్వు కాకూడదు. నువ్వు చేస్తే పార్ట్ ఏ నువ్వే సంతకం పెట్టాలి, అంటే నీ కేసులో నువ్వే సాక్షి. క్లయింట్ బంధువో ఆఫీసు క్లర్కో చేయాలి.

కోలారు_గోల్డు

సరే, ఇంజంక్షన్ వద్దన్నారు, ఒప్పుకున్నా. మరి కోర్టు మెట్ల మీద మైకు పెడితే రెండు నిమిషాలు మన వాదన చెప్పడంలో తప్పేముంది? అవతల పోలీసులు చెప్తున్నారు, కంప్లైంట్ ఇచ్చినవాళ్ళ లాయరు స్టూడియోలో కూర్చుంటున్నాడు.

సీసీహెచ్_కారిడార్

బార్ కౌన్సిల్ రూల్ 36 ఒకసారి తీసి చదువు. ప్రకటనలు ఇవ్వకూడదనే రూల్ అదే అని అందరికీ తెలుసు. అదే వాక్యంలో, తాను నడిపే కేసులకి సంబంధించి పేపర్లలో వ్యాఖ్యలు వేయించడం, ఫోటోలు వేయించుకోవడం కూడా ఉన్నాయి. కంప్లైంట్ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి పోతుంది. అవతలివాడు చేస్తున్నాడనేది జవాబు కాదు.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి. మైకు ముందు "మా క్లయింట్ ఆ రోజు ఊళ్ళోనే లేడు" అన్నావనుకో. ఎలిబై బయటపెట్టేశావు. రేపు ట్రయల్లో ఆత్మరక్షణ అని వాదించాల్సి వస్తే నీ క్లిప్పే నీకు అడ్డం. అది క్లయింట్ నీకు చెప్పిన మాటయితే సాక్ష్య అధినియమ్ 132 కింద గోప్యత అతనిది, అతని అనుమతి లేకుండా చెప్పే హక్కు నీకు లేదు.

చెప్పగలిగింది ఇంతే: కేసు ఏ దశలో ఉంది, ఆర్డర్లో ఏముంది, తర్వాతి వాయిదా ఎప్పుడు. అదీ క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే.

ఇంకో ఉచ్చు. రిపోర్టరు "ఆర్డర్ కాపీ పంపండి సార్, సరిగ్గా రాస్తాం" అంటాడు. లైంగిక నేరం కేసయితే ఆ కాపీలో బాధితురాలి పేరో, తల్లి పేరో, వీధి పేరో ఉండొచ్చు. బీఎన్‌ఎస్ 72 కింద ఆ గుర్తింపు బయటపెడితే రెండేళ్ళదాకా జైలు. పోక్సోలో బడి పేరు కూడా ఇవ్వకూడదు. నల్ల మార్కర్‌తో కొట్టేసి ఫోటో తీస్తే వెలుతురికి కనపడుతుంది. కొట్టేసిన కాగితాన్ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్సునే స్కాన్ చేయి.

డెస్క్_మనిషి

సీసీహెచ్ మేడమ్ చెప్పిన చివరి ముక్కకి వంద దండాలు. డెస్కులో మేం అది పట్టుకోలేకపోతే ఇరుక్కునేది మేమూ.

ఇక లెటర్ సంగతి. మాకు వచ్చే లాయరు నోటీసులు నాలుగు పేజీలుంటాయి, మూడు పేజీలు క్లయింట్ పరువు ప్రతిష్ఠల వర్ణన. నేరుగా లీగల్ డిపార్ట్‌మెంట్‌కి పోతాయి, అక్కడ నెల నిద్రపోతాయి. డెస్కు చదివే లెటర్ ఇలా ఉంటుంది:

"మీ పత్రిక ___ తేదీ బెంగళూరు ఎడిషన్ 5వ పేజీలో '___' అనే వార్త రెండో పేరాలో 'నిందితుడి బెయిల్ పిటిషన్‌ను కోర్టు తిరస్కరించింది' అని ఉంది. క్రిమినల్ మిసలేనియస్ ___ నంబర్లో ___ తేదీ ఉత్తర్వు ప్రకారం పిటిషనర్ ఉపసంహరించుకున్నందున పిటిషన్ కొట్టివేశారు. కేసు మంచిచెడ్డలపై కోర్టు అభిప్రాయం చెప్పలేదు. ఉత్తర్వు కాపీ జత చేశాం. అదే పేజీలో సవరణ వేసి, వెబ్‌లో వార్త మార్చగలరు."

అంతే. ఒక లెటర్‌కి ఒక తప్పు. ఐదు తప్పులు రాస్తే అన్నిటికన్నా చిన్నది సరిచేసి మిగతావి వదిలేస్తారు.

మేయోహాల్

దానికి ఒక్క జాగ్రత్త కలుపుతా. పంపే ముందు ఆ ఆర్డర్ మొత్తం చదువు. విత్‌డ్రా అయిందని ఉన్నా, దాని పైన పీపీ వాదన రెండు పేరాలు ఉండొచ్చు, నిందితుడి పాత కేసుల జాబితాతో సహా. నువ్వే జతచేసి పంపితే రేపటి వార్త అదే.

లెటర్‌కి పలకకపోతే గడువులు ఇవి. పేపరయితే ప్రెస్ కౌన్సిల్. దినపత్రిక, వారపత్రిక అయితే ప్రచురణ నుంచి రెండు నెలలు, మిగతావాటికి నాలుగు. ముందు ఎడిటర్‌కి రాసి ఉండాలి, ఆ కాపీ, వచ్చిన జవాబు జతచేయాలి. కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, పరిహారం ఇప్పించలేదు. 1978 చట్టం సెక్షన్ 14 అంతవరకే.

టీవీ అయితే ప్రెస్ కౌన్సిల్ పరిధిలోకి రాదు. చానెల్ ఎన్‌బీడీఏలో (వార్తా చానెళ్ళ సంఘం) సభ్యురాలో కాదో ముందు చూడు. సభ్యురాలైతే ప్రసారం అయిన 7 రోజుల్లో చానెల్‌కి, జవాబు నచ్చకపోతే 14 రోజుల్లో ఆ సంఘం ఫిర్యాదుల అథారిటీ ఎన్‌బీడీఎస్‌ఏకి. ఈ 7 రోజుల దగ్గరే చాలా కంప్లైంట్లు పోతాయి, బెయిల్ హడావిడిలో ఎవరికీ గుర్తుండదు. సభ్యత్వం లేని చానెల్ అయినా 2021 కేబుల్ టీవీ సవరణ రూల్స్ కింద 24 గంటల్లో కంప్లైంట్ అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. న్యూస్ వెబ్‌సైట్లకి 2021 ఐటీ రూల్స్ మూడో భాగంలో గ్రీవెన్స్ ఆఫీసరు, అక్కడా 15 రోజులే.

పరువునష్టం సూట్‌కి లిమిటేషన్ ఒక సంవత్సరం. క్రిమినల్ డిఫమేషన్, బీఎన్‌ఎస్ 356, వేసే ముందు దాని మినహాయింపులు చదువు. కోర్టు ప్రొసీడింగ్స్‌ని దాదాపు నిజంగా రిపోర్ట్ చేస్తే నేరం కాదు. "దాదాపు" అన్న మాట వాళ్ళని కాపాడుతుంది.

కోర్టు ధిక్కారం గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. క్రిమినల్ కంటెంప్ట్‌కి ప్రైవేటు వ్యక్తి వెళ్ళాలంటే అడ్వొకేట్ జనరల్ లిఖిత అనుమతి కావాలి, సెక్షన్ 15. ఏడాది దాటితే సెక్షన్ 20 అడ్డం. చార్జిషీట్‌కి ముందు దశలో "కేసు పెండింగ్‌లో ఉంది" అనేది కూడా 1971 చట్టంలో సూటిగా దొరకదు. 2021 జనవరి 18న బాంబే హైకోర్టు నీలేష్ నవలఖా తీర్పులో దర్యాప్తు దశలో మీడియా ట్రయల్ కూడా న్యాయ నిర్వహణలో జోక్యమే అంది, దాన్ని ఆధారం చేసుకోవచ్చు. కానీ ఇది కొత్త లాయరు ఒంటరిగా ఎత్తుకునే పని కాదు.

హిందూపురం_ప్యాసింజర్

జడ్జి హియరింగ్‌లో అన్న మాట హెడ్డింగ్ అయితే? "మీ వాడు చేసింది దారుణం కదా" అని నోటిమాటగా అంటారు. ఆర్డర్లో ఆ ముక్క ఉండదు.

సీసీహెచ్_కారిడార్

దాన్ని తప్పని సరిదిద్దించలేవు, నిజంగానే అన్నారు కాబట్టి. మద్రాస్ హైకోర్టు ఎన్నికల కమిషన్ మీద చేసిన వ్యాఖ్యల కేసులో 2021 మే 6న సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: నోటిమాట తీర్పులో భాగం కాదు, అయినా హియరింగ్‌లో జరిగింది రిపోర్ట్ చేసే హక్కు మీడియాకి ఉంది. నువ్వు అడగగలిగింది, ఆ వార్తకి "ఉత్తర్వులో ఈ వ్యాఖ్య లేదు" అని ఒక వాక్యం చేర్చమని.

అదే మాట హైకోర్టు లైవ్‌స్ట్రీమ్ నుంచి కత్తిరించి మ్యూజిక్ కలిపి రీల్ చేస్తే సంగతి వేరు. కర్ణాటక లైవ్‌స్ట్రీమింగ్ రూల్స్ 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి, అనుమతి లేకుండా రికార్డ్ చేయడం, పంచడం నిషేధం. లింకుతో రిజిస్ట్రార్ జనరల్‌కి రాయి.

ప్యారిస్‌కార్నర్

చెన్నై నుంచి. నిర్దోషిగా తేలాక పాత వార్తలు, పాత తీర్పు ఆన్‌లైన్‌లో ఉండిపోవడం గురించి ఎవరూ చెప్పలేదు. 2024 ఫిబ్రవరిలో మద్రాస్ హైకోర్టు డివిజన్ బెంచ్, నిర్దోషిగా బయటపడిన వ్యక్తి పేరు తీర్పు నుంచి తీసేయమంది. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. కాబట్టి క్లయింట్‌కి "పేరు తీయించేస్తాను" అని మాట ఇవ్వకండి. తీర్పు కాపీ పంపి, పాత వెబ్ వార్తల కింద "ఈ కేసులో ఫలానా తేదీన నిర్దోషిగా విడుదలయ్యారు" అని చేర్చమని అడగడం తేలిక. చాలా డెస్కులు చేస్తాయి.

డెస్క్_మనిషి

చేస్తాం. తీర్పు కాపీతో పాటు మా పాత వార్తల లింకులన్నీ ఒకే మెయిల్లో ఇవ్వండి. వెతుక్కోమంటే ఒకటి మార్చి ఆరు వదిలేస్తాం.

కొత్తవకీలు_బసవనగుడి

అందరికీ థాంక్స్. చివరిగా ఒకటి. కన్నడ చానెల్‌కి భద్రపరచమని పంపే లెటర్ కన్నడలోనే ఉండాలా? ఇంగ్లీషు చాలా?

పరప్పన_రోడ్డు

ఇంగ్లీషు చాలు. కానీ ప్రోగ్రాం పేరు, టిక్కర్‌లో వచ్చిన వాక్యం కన్నడ లిపిలో ఉన్నది ఉన్నట్టు దించు. రికార్డింగ్ వెతికేవాడు దాన్ని బట్టే వెతుకుతాడు. టైం 24 గంటల పద్ధతిలో రాయి, "సాయంత్రం ఏడు బులెటిన్" అని కాకుండా 19:04 నుంచి 19:11 వరకు అని. రీటెలికాస్ట్ ఉంటే ఆ టైమూ రాయి. లెటర్ హెడ్డాఫీసుకి పంపు, లోకల్ బ్యూరోకి కాదు. పోస్టల్ రసీదు జిరాక్స్ తీసి పెట్టుకో, ఆ థర్మల్ కాగితం మీద అక్షరాలు ఏడాదికల్లా మాయమైపోతాయి.